ఇన్‌బాక్స్‌లోని సంచితం

2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఆరంభమైనపుడు ఖాతాదారునికి ఒక గిగాబైట్ స్థలం ఉచితంగా లభించింది. ఇక ఏ లేఖనూ తొలగించవలసిన పనిలేదన్న భావన జనమానసంలో క్రమంగా నాటుకొన్నది. నేడు ఆ ఉచితస్థలం 15 గిగాబైట్లు. ఛాయాచిత్రాలు, దస్త్రాలు కూడా అందులోనే ఒదగాలి. అయినా అది నిండిపోతున్నది. నిండిన పిమ్మట కొత్త లేఖ రాదు, పోదు. పాత్ర పెరిగినంత మాత్రాన తృష్ణ శమించదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

వేదాంతశాస్త్రం కర్మను సంచితం, ఆగామి, ప్రారబ్ధం అని మూడు విధాలుగా విభజించింది. ఇన్‌బాక్స్ ముందు కూర్చున్న సాధకునికి ఈ విభాగం ఉపమానంగా ఎంతో ఉపకరిస్తుంది. ఏండ్ల తరబడి పేరుకొన్న పాత మెయిళ్ళు సంచితం. ప్రకటనలకు, ఆఫర్లకు నేడు ఇస్తున్న అంగీకారాలు ఆగామి. ఎవరో ప్రత్యుత్తరానికై నిరీక్షిస్తున్న లేఖలు ప్రారబ్ధం.

సాధారణంగా మనుష్యుడు సంచితంతోనే పోరాడుతాడు. ఒక ఆదివారం పూట కూర్చొని వేలకొలది మెయిళ్ళను తొలగించి తేలికపడతాడు. మాసం తిరగకముందే గుట్ట మళ్ళీ పెరుగుతుంది. పైగా జీమెయిల్‌లో తొలగించిన లేఖ వెంటనే నశించదు. 30 దినాలు ట్రాష్‌లో ఉండి స్థలాన్ని ఆక్రమిస్తూనే ఉంటుంది. విషయం తొలగినా వాసన మిగిలినట్లే ఇదీను.

యోగసూత్రాలకు భాష్యం రచించిన వ్యాసుడు అపరిగ్రహాన్ని నిర్వచిస్తూ, విషయాలను ఆర్జించడంలో, రక్షించడంలో, అవి క్షయించడంలో, వాటిపై సంగంలో, వాటివలన కలిగే హింసలో దోషాన్ని దర్శించి వాటిని స్వీకరించకుండుటయే అపరిగ్రహమన్నాడు. ఉన్నదానిని పారవేయడం గురించి అక్కడ ప్రస్తావన లేదు, ముఖ్యమైనది అస్వీకారం. కనుక సాధకుడు డిలీట్ నొక్కడానికి ముందే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కాలి. దుకాణంలో బిల్లు వేసేవేళ ఈమెయిల్ అడిగితే, అవసరం లేనపుడు వినయంగా నిరాకరించాలి. అపరిచితుల మోసపు లేఖలలోని లంకెలను మాత్రం ముట్టరాదు. వాటిని స్పామ్‌గా గుర్తిస్తే చాలు.

ఇక ప్రారబ్ధం. విసిగినవారు కొందరు సమస్తాన్నీ ఒక్కసారిగా తొలగించి, దానినే త్యాగమని భావిస్తారు. గీత అష్టాదశాధ్యాయం విహితకర్మను మోహంచేత విడుచుట తామసత్యాగమనీ, కాయక్లేశభయంచేత విడుచుట రాజసత్యాగమనీ స్పష్టంగా చెప్పింది. ఆ గుట్ట అడుగున తండ్రిని కోల్పోయిన మిత్రుడు వ్రాసిన లేఖ ఉండవచ్చు. పూర్వవిద్యార్థి అడిగిన సందేహం ఉండవచ్చు. పరదేశంలోని మేనల్లుడు పంపిన కుశలప్రశ్న, సగం చదివి తరువాత వ్రాద్దామని వదిలినది, ఉండవచ్చు. అవి చెత్త కావు, ఋణాలు. ప్రారబ్ధం అనుభవంతోనే క్షయించినట్లు ఈ ఋణం ప్రత్యుత్తరంతోనే తీరుతుంది. రెండేండ్లు ఆలస్యమైనా, క్షమాపణతో వ్రాసిన నాలుగు వాక్యాలు మౌనంకన్న శ్రేష్ఠం.

కాబట్టి క్రమం ఇది: మొదట ఆగామిని నిరోధించాలి, పిదప ప్రారబ్ధాన్ని వేరుచేసి తీర్చాలి, చివరకే సంచితాన్ని దహించాలి. పన్ను, ఆస్తి, ఆరోగ్యాలకు సంబంధించిన పత్రాలను భద్రపరచుకోవడం గృహస్థధర్మమే. అందులో దోషం లేదు.

బ్రహ్మవిద్యను అర్థించేవానికి ఈ అల్పవిషయమేల అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. ఒక రాయితీ ప్రకటనను వద్దనలేని మనస్సు మహత్తరమైన ప్రలోభం ఎదురైనపుడు వద్దనగలదా? వైరాగ్యాభ్యాసానికి అల్పవిషయాలే తొలి క్షేత్రం.

అయితే శూన్యమైన ఇన్‌బాక్సే పరమార్థమని భ్రమించరాదు. లేఖలు ఏమీ లేకున్నా పది నిమిషాలకొకసారి తెరచి చూసేవాడు బద్ధుడే. మిథిలను ఏలుతూ కూడా జనకుడు అసంగుడై ఉన్నాడని పెద్దలు చెబుతారు. వచ్చినదానిని ధర్మంగా పరిష్కరించి, రానిదానికై ఎదురుచూడని చిత్తమే నిజంగా ఖాళీ అయిన చిత్తం.

స్వస్తి.