చేటయు, యంత్రపుకన్నును

బియ్యము కొనుచోట సంచిమీద "సార్టెక్స్" అను మాట కానవచ్చుట మన సోదరీమణులెఱిగినదే. ఇది వరివంగడము పేరని కొందఱు తలంతురు, కాదు. 1947లో లండను నగరమున వెలసి, గింజలను రంగునుబట్టి ఏఱు యంత్రములను చేసిన సంస్థ పేరది. కాలక్రమమున, యంత్రము ఏఱిన బియ్యమునకెల్ల మన అంగళ్లలో ఆ పేరే స్థిరపడినది. మన చేటలోని పనిని తనపై వేసికొన్న ఈ యంత్రమెట్టిదో గృహిణులు తెలిసికొనుట యుక్తమని తలంచి ఈ నెల దీనినిగూర్చి వ్రాయుచున్నాము.

నాగార్జునసాగరు కాలువలకు 1967లో నీరు వదలిరి. ఎడమకాలువ నీటిచే మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు వరిపొలములైనవి. పంటతోపాటు మిల్లులును పెరిగినవి. మిర్యాలగూడ నేడు బియ్యపుమిల్లులకు పేరుపొందిన పట్టణము. సూర్యాపేట మార్కెటునకు కోతలకాలమున వడ్లు రాసులుగా వచ్చును.

ఉప్పుడుబియ్యమునకు వడ్లను నానబెట్టి, ఆవిరిపై ఉడికించి, ఆఱబెట్టవలెను. తేమ నూటికి సుమారు 14 పాళ్లకు దిగవలెను. తడి మిగిలినచో నిలువలో బూజు పట్టును. మితిమీఱి ఎండినచో మరపట్టునపుడు నూక యగును. పూర్వము కళ్లములో వడ్లు త్రిప్పు స్త్రీలు ఒక గింజను పంటితో కొఱికి, ఇంకొక ఎండ కావలెనో అక్కఱలేదో చెప్పెడివారు. ఇపుడు క్రొత్తమిల్లుల డ్రయ్యరులలో సెన్సారులను చిన్న పరికరములు తేమను, వేడిమిని కనిపెట్టి, తీగలగుండ తెరపై అంకెలు చూపును. ఆ అంకెలనుబట్టి గాలివేడిమి తనంత తానే హెచ్చుటయు తగ్గుటయు కలదు. యజమాని ఇంటనుండియే చేతిఫోనులో చూచుకొను ఏర్పాట్లును వచ్చినవి.

మరపట్టిన పిమ్మట బియ్యము వాలుగానున్న సన్నని తూములలో జాఱును. దీపముల వెలుగులో కెమెరాలు గింజగింజను ముందువెనుకల చూచును. నల్లమచ్చయో, పసుపుగింజయో కనబడినంతనే గాలి ఒక్కసారి ఊది దానిని ప్రక్కకు త్రోయును. ఇదంతయు ఱెప్పపాటుకంటె తక్కువ కాలములో జరుగును.

నడుము వంచి, కన్నులు నొచ్చునట్లు ఏఱెడి శ్రమ తప్పుట మేలే. కాని శ్రమతోపాటు కూలియు తప్పినది గదా! చేటపట్టిన స్త్రీ యంత్రము ప్రక్క నిలువరాదా?

యంత్రమునకు స్వయముగా తెలిసినదేమియు లేదు. ఏది మంచిగింజ, ఎంత మచ్చ ఓర్వదగినది అని మనుష్యులే దానికి నిర్ణయింపవలెను. ఆ నిర్ణయము మిక్కిలి బిగించినచో మంచిగింజలును పోవును. సడలించినచో చెడ్డవియు నిలుచును. అద్దముపై దుమ్ము పేరినచో దాని చూపు మందగించును. బియ్యము పాతదో క్రొత్తదో, అన్నము ముద్దయగునో పొడిగా వచ్చునో అది ఎఱుగదు. తెల్లదనముకొఱకు తవుడంతయు తీసినచో బలమును పోవుననియు ఎఱుగదు. ఇవన్నియు ఎఱిగినది గృహిణి.

కావున పదవతరగతి ముగించిన బాలికలుగల తల్లులకు మా మనవి యిది. పారిశ్రామిక శిక్షణసంస్థలలో ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ మొదలగు విద్యలు నేర్పుచున్నారు. ఆడపిల్లకు మరలపని యేల యని వెనుదీయకుడు. గింజ గుణమెంచు నేర్పు తల్లినుండియు, యంత్రము నడపు నేర్పు బడినుండియు పొందిన బాలికకు పని యిచ్చుట మిల్లువారికి ధర్మము మాత్రమే కాదు, లాభమును. చేటలోని విద్య మన యిండ్లలో ఇంకను మిగిలియున్నది. అది ముందుతరమునకు జీవనాధారమగునట్లు చూచుట మన చేతిలోనిదే.