ప్రాథమిక తరగతిలో ఆరోగ్యపు అలవాట్లు

“ఆరోగ్యమే మహాభాగ్యము” అను వాక్యమును వ్రాయని విద్యార్థి మనలో ఒక్కడును ఉండడు. శుభ్రతను గూర్చి పది వాక్యములు వ్రాయుమన్నచో మూడవ తరగతి బాలుడు సైతము తడుముకొనక వ్రాయగలడు. కాని ఆ వాక్యములను వ్రాసిన వ్రేళ్ల గోళ్లను చూచినచో వ్రాత యొకటి, వాడుక యొకటి యని తెలియును. ఇందు బాలుని దోషమేమియు లేదు. అతనికి అందినవి శుభ్రతను గూర్చిన వాక్యములే కాని శుభ్రత కాదు.

ఆరోగ్యము పుస్తకములో ఒక పాఠముగా మాత్రమే కాక, ప్రాథమిక తరగతి దినచర్యలో ఒక భాగముగా ఉండవలెననియు, ఆ శిక్షణ పిల్లల ఇంటి భాషలోనే జరుగవలెననియు నా అభిప్రాయము. హోసూరు ప్రాంతమున పిల్లలను తెలుగు మాధ్యమమున చదివించుచున్న తల్లిదండ్రులు ఈ విషయమును శ్రద్ధతో ఆలోచింపవలెనని కోరుచున్నాను.

ఆరోగ్యమునకును చదువునకును గల సంబంధమును మొదట చూతము. తరగతిలో ఒక బాలిక తరచుగా కునుకుపాట్లు పడుచుండును. చెప్పిన పాఠమును మరల అడిగినచో చెప్పజాలదు. ఆమెకు మందమతియని పేరు వచ్చును. అనేక సందర్భములలో లోపము బుద్ధిలో ఉండదు, కడుపులో ఉండును. ఆరుబయట మలవిసర్జన జరుగు తడినేలలో కొంకిపురుగు పిల్లలు బ్రదికియుండి, చెప్పులులేని పాదముల చర్మమును దూరి లోపలికి చేరును. అవి ప్రేగులను పట్టుకొని రక్తమును పీల్చును. ఏలికపాముల గ్రుడ్లు గోళ్లలోని మట్టితో నోటిలోనికి పోవును. రక్తహీనత గల బిడ్డకు ఎక్కములు ఎట్లు ఒంటబట్టును?

ఇందులకై 2015లో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినము ఆరంభమైనది. ఫిబ్రవరి 10వ తేదీని ఇందులకు నిర్ణయించి, బడిలోనే ఆల్బెండజోల్ మాత్రను పిల్లలచే నమిలించు ఏర్పాటు చేసిరి. ఇది మిక్కిలి మేలైన పని. అయినను ఆ మాత్ర అప్పటికి కడుపులోనున్న పురుగులనే చంపును. తరువాత వచ్చి చేరు పురుగులను ఆపజాలదు. ఆపగలిగినవి సబ్బు, చెప్పులు, మరుగుదొడ్డి. మాత్రను ప్రభుత్వము ఇయ్యగలదు. అలవాటును మాత్రము తరగతియు ఇల్లును కలిసి ఇయ్యవలసియున్నది.

ఆహార విషయమునందును ఇట్లే. 1920లో చెన్నపట్నపు నగరపాలక సంస్థ థౌజండ్ లైట్స్‌లోని తన పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్నము ఆహారము పెట్టుటకు నిశ్చయించెను. ఖర్చు ఒక్కొక్క బిడ్డకు దినమునకు ఒక అణాకు మించరాదని నియమము. అప్పుడు ఆ సంస్థకు అధ్యక్షులు తెలుగువారైన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు. పిమ్మట కామరాజుగారి కాలమునను, 1982లో ఎం.జి. రామచంద్రన్‌గారి కాలమునను ఈ ఏర్పాటు రాష్ట్రమంతట విస్తరించెను. 2022 సెప్టెంబరు 15న ప్రాథమిక తరగతుల పిల్లలకు ఉదయపు అల్పాహార పథకము మదురైలో ప్రారంభమయ్యెను. నూరేండ్ల కృషి ఫలితముగా పళ్లెము బిడ్డ ముందునకు వచ్చినది. ఆ పళ్లెములో పెట్టు చేతిని శుభ్రపరచు పని మాత్రము మనకే మిగిలియున్నది.

కావున ప్రాథమిక తరగతుల కాలనిర్ణయ పట్టికలో మధ్యాహ్న భోజనమునకు ముందు పది నిమిషములను దీనికై కేటాయింపవలెను. పిల్లలు వరుసగా కొళాయి వద్దకు వెళ్లి, అరచేతులను, వ్రేళ్ల సందులను, గోళ్ల క్రింది భాగమును సబ్బుతో రుద్ది కడుగుకొనవలెను. ఉపాధ్యాయుడును వారితోపాటు కడుగుకొనవలెను. పిల్లలు మన మాటలకంటె మన చేతలను త్వరగా నేర్చుకొందురు. రుద్దుట ఇరువది సెకండ్లు సాగవలెను. సూక్ష్మక్రిములు చేతికంటిన జిడ్డును అంటిపెట్టుకొని యుండును. నీరు మాత్రమే ఆ జిడ్డును పూర్తిగా కరగింపజాలదు. సబ్బునకును దానిని విడదీయుటకు కొంత వ్యవధి కావలెను.

2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు దేశమంతయు ఈ పద్ధతిని నేర్చుకొనెను. భయము తగ్గగనే చాలామంది దానిని మరచిరి. భయముచే వచ్చిన అలవాటు భయముతోనే పోవును. తోడివారితో కలిసి, ఆటవలె, ప్రతిదినము ఒకే వేళకు చేసిన పని మాత్రము వయస్సుతోపాటు పెరుగును. మొక్కై వంగనిది మ్రానై వంగునా యని పెద్దలు ఊరక అనలేదు.

“మూడు భాషలు నేర్వవలసిన పిల్లలకు దీనికి తీరిక యెక్కడిది?” అని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. మన పిల్లలు తెలుగుతోపాటు ఆంగ్లమును, 2006 నాటి చట్టము వచ్చిన పిమ్మట తమిళమును కూడ అభ్యసించుచున్నారు. ఈ రాష్ట్రమున జీవించు మనకు తమిళము అవసరము. దానిని నేర్చుట మన బిడ్డలకు లాభమే. కాని ఈ పది నిమిషములు చదువునుండి తీసినవి కావు. చేతులు రుద్దుచు ఒకటినుండి ఇరువదివరకు నెమ్మదిగా లెక్కించుట ఒకటవ తరగతికి గణితమే. మణికట్టు, బొటనవ్రేలు, చిటికెనవ్రేలు అని పేర్లు చెప్పుచు కడుగుట భాషాపాఠమే. వరుసలో తన వంతునకై వేచియుండుట నీతిపాఠమే. ఇన్ని పాఠములు ఒకచోట లభించు పది నిమిషములు మరియొక గంటలో లేవు.

ఇక, ఆరోగ్య శిక్షణ ఊరికి తగినదై యుండవలెను. ఒక ఉదాహరణము చెప్పెదను. మన కృష్ణగిరి జిల్లాలోను, పొరుగున ధర్మపురి జిల్లాలోను పలుచోట్ల భూగర్భజలములలో ఫ్లోరైడు హెచ్చుగా నున్నది. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు గల నీటిని చిన్ననాటినుండి త్రాగిన పిల్లల దంతములపై తెల్లని చారలును గోధుమవన్నె మరకలును ఏర్పడవచ్చును. దంతము చిగురు లోపల తయారగుచుండగనే ఈ మార్పు కలుగును. అట్టి బిడ్డను “నీవు పళ్లు తోముకొనవు” అని తరగతిలో నిలబెట్టి మందలించుట అన్యాయము. ఎంత తోమినను ఆ మరక పోదు. నీటిని కాచినను ఫ్లోరైడు పోదు. ఈ బాధను తగ్గించుటకే హొగేనకల్ వద్దనుండి కావేరీ జలమును ఈ రెండు జిల్లాలకు అందించు పథకము 2013లో ప్రారంభమైనది. ఏ కొళాయి నీరు త్రాగవలెనో, ఏ బోరు నీరు పరీక్ష చేయింపవలెనో బిడ్డకు తెలియజెప్పుటయే ఇచ్చట నిజమైన దంతరక్షణ పాఠము.

మరియొకటి రాగి. రాగిముద్ద మన తాతముత్తాతల ఆహారము. నేడు కొందరు పిల్లలు దానిని పేదవారి తిండియని చిన్నచూపు చూచి, అంగడిలోని రంగు పొట్లములను కోరుచున్నారు. నూరు గ్రాముల రాగులలో మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం కలదు. అంతే తూకము తెల్లబియ్యములో అది పది మిల్లీగ్రాములకు అటునిటు మాత్రమే. ఎముకలు ఎదుగు వయస్సున ఏది గొప్ప ఆహారమో ఈ లెక్కయే చెప్పుచున్నది. తన ఇంటి తిండిని గూర్చి సిగ్గుపడని బిడ్డ తన ఇంటి మాటను గూర్చియు సిగ్గుపడదు.

ఇప్పుడు భాష విషయమునకు వత్తము. ఆరేండ్ల బిడ్డకు కడుపులో నొప్పి వచ్చినది. అది పొడిచినట్లున్నదా, మెలిపెట్టినట్లున్నదా, వికారముగా నున్నదా? ఆ భేదమును అమ్మతో మాటలాడు భాషలో తప్ప మరియే భాషలోను ఆ వయస్సున చెప్పజాలదు. మరుగుదొడ్డికి పోవుటకు అనుమతి యడుగు మాట నోటికి రాక మౌనముగా కూర్చుండు పిల్లలు కలరు. అడుగవలసివచ్చునను జంకుతో దినమంతయు నీరే త్రాగని బాలికలును కలరు. వారికి వచ్చు తలనొప్పికిని, మూత్రవ్యాధికిని కారణము నీటిలో లేదు. నోరు విప్పలేని తరగతిలో నున్నది. బిడ్డకు తన దేహమును గూర్చి నిర్భయముగా చెప్పుకొను భాష కావలెను. అది పుస్తకపు తెలుగు కాకపోయినను, ఈ ప్రాంతపు ఇంటి తెలుగైనను, ఉపాధ్యాయుడు దానిని ఆదరముతో వినవలెను.

అంతేకాదు. తరగతిలో తెలుగున నేర్చిన అలవాటు ఆ సాయంకాలమే ఇంటికి పోవును. “అవ్వా, చేయి కడిగి అన్నము కలుపు” అని మనుమరాలు చెప్పినచో అవ్వ నవ్వుచునైనను కడుగును. అదే మాటను అవ్వకు తెలియని భాషలో చెప్పినచో అది పాఠము అప్పగించినట్లుండునేగాని ఇంటి పని కాజాలదు. బడిలో నేర్చినది ఇల్లు చేరుటకు వంతెన ఇంటి భాషయే. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధన సౌకర్యము కల్పించుటకు ప్రయత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ సౌకర్యమును నిలుపుకొనుట మన పని. తెలుగు తరగతి మూతపడినచోట పోవునది ఒక వాచకము మాత్రమే కాదు. బిడ్డ తన బాధను చెప్పుకొను చోటు కూడ పోవును.

తల్లిదండ్రులకు నా మనవి యిది. ఈ అలవాట్లకు మార్కులు ఉండవు. కావున మార్కుల పట్టికలో వీనిని వెదకవలదు. వారమున కొకసారి గోళ్లు తీయుడు. బడికి చెప్పులతో పంపుడు. సెల్‌ఫోనును ప్రక్కన పెట్టి, రాత్రి కనీసము తొమ్మిది గంటలు నిద్రపోనిండు. పాఠశాలకు వచ్చినప్పుడు తరగతి గదితోపాటు కొళాయిని, మరుగుదొడ్డిని కూడ చూడుడు. అందు నీరును సబ్బును లేనియెడల మర్యాదగా, గట్టిగా అడుగుడు.

పై తరగతుల విద్యార్థులారా! క్రింది తరగతుల పిల్లలకు మీరు అన్నలు, అక్కలు. మధ్యాహ్నపు గంట మ్రోగినప్పుడు మీలో ఇద్దరేసి వంతులవారీగా వెళ్లి, ఆ చిన్నచేతులకు సబ్బు అందించి, వారితో ఇరువదివరకు తెలుగున లెక్కింపుడు. శుభ్రతను గూర్చి మీరు వ్రాయు పది వాక్యములకంటె ఆ పది నిమిషములు ఎక్కువ మేలు చేయును.