సార్ ఉంటే ఏం చేసేవారు?

నా మొదటి ఉద్యోగం అమీర్‌పేటలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో. మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి అమ్మేవాళ్లం. మొత్తం నలభై మందిమి. కంపెనీ పెట్టినాయన్ని అందరం ‘సార్’ అనేవాళ్లం. ఇప్పుడూ అలాగే అంటాను, పేరెందుకు?

మేం తయారుచేసిన ప్రతి స్క్రీనూ ఆయన చూడాల్సిందే. ఓసారి నేను మూడు వారాలు కుస్తీ పట్టి చేసిన స్క్రీన్‌ని ఒక్క నిమిషం చూసి, “మందుల షాపు కౌంటర్ వెనకాల ఎప్పుడైనా నిలబడ్డావా?” అని అడిగారు. లేదన్నాను. మర్నాడు ఎర్రగడ్డలో ఓ మెడికల్ షాపుకి పంపించి, పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబెట్టారు. ఒక చేత్తో మందుల స్ట్రిప్ కత్తిరిస్తూ, ఇంకో చేత్తో చిల్లర లెక్కపెడుతూ, మధ్యలో ఫోనెత్తే మనిషికి నా స్క్రీన్‌లో ఉన్న పదకొండు బటన్లు ఎందుకు పనికిరావో నాకే తెలిసిపోయింది. సాయంత్రం తిరిగొచ్చి ఆయనకేమీ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

కొన్నేళ్లకి సార్ ఆరోగ్యం బాగోక కంపెనీని భాగస్వాములకి అప్పజెప్పి వెళ్లిపోయారు. ఆ తర్వాత మా మీటింగుల్లో ఓ కొత్త మాట పుట్టింది. “సార్ ఉంటే ఏం చేసేవారు?” ఆ మాట అన్నాక ఇంకెవరూ నోరెత్తేవాళ్లు కాదు. ఆ మాట సంగతి చివర్లో చెబుతాను. ఎందుకంటే దాన్ని ఎక్కువసార్లు వాడినవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఈ మధ్య యాపిల్ కంపెనీ గురించి చదువుతుంటే ఇదంతా గుర్తొచ్చింది. ఓ చిత్రం చూడండి. పెట్టినవాడు వెళ్లిపోతే కంపెనీ ఏమవుతుంది అన్న ప్రశ్నకి యాపిల్ రెండుసార్లు జవాబు చెప్పింది. ఎందుకంటే స్టీవ్ జాబ్స్ ఆ కంపెనీని రెండుసార్లు వదిలి వెళ్లాడు. కంపెనీ అదే, మనిషీ అతనే. జవాబులు మాత్రం వేరు.

మొదటిసారి 1985లో. పెప్సీ నుంచి తానే ఏరికోరి తెచ్చుకున్న జాన్ స్కలీతో గొడవపడి, బోర్డు స్కలీ పక్షాన నిలవడంతో బయటికొచ్చాడు. అప్పుడు జాబ్స్‌కి ముప్ఫై ఏళ్లు. అతను వెళ్లగానే యాపిల్ కుప్పకూలిందని చాలామంది అనుకుంటారు. కాదు. తర్వాత కొన్నేళ్లు అమ్మకాలు పెరిగాయి, లాభాలూ బాగానే వచ్చాయి. అప్పటికే నాటిన చెట్టు కాయలు కాస్తూనే ఉంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. పెద్దాయన వెళ్లిన మర్నాడే దుకాణం మూతపడితే అందరికీ తెలుస్తుంది. నాలుగేళ్లు బాగా నడిచాక నెమ్మదిగా చిక్కిపోతే ఎవరికీ తెలీదు.

అలాగే చిక్కిపోయింది. ఎవరికి తోచిన మోడల్ వాళ్లు తెచ్చారు. పెర్ఫార్మా, క్వాడ్రా, సెంట్రిస్ అంటూ దాదాపు ఒకేలా ఉండే కంప్యూటర్లు డజన్ల కొద్దీ వచ్చాయి. దేనికీ దేనికీ తేడా ఏంటో అమ్మేవాడికే తెలీని పరిస్థితి. స్కలీ పోయి స్పిండ్లర్ వచ్చాడు, ఆయన పోయి అమేలియో వచ్చాడు. 1997లో ఏడాది నష్టం వంద కోట్ల డాలర్లు దాటింది. దివాలాకి తొంభై రోజుల దూరంలో ఉన్నామని తర్వాత జాబ్సే చెప్పుకున్నాడు.

అతను తిరిగొచ్చి మొదట చేసిన పని కొత్త వస్తువు కనిపెట్టడం కాదు, ఉన్నవాటిని తీసిపారేయడం. బోర్డు మీద నిలువుగా ఓ గీత, అడ్డంగా ఓ గీత గీశాడు. మామూలు జనానికి, వృత్తి పనివాళ్లకి. టేబుల్ మీద పెట్టేది, చేత్తో పట్టుకెళ్లేది. నాలుగు గళ్లు, నాలుగు కంప్యూటర్లు. మిగతావన్నీ రద్దు. ఆ ఏడాదే పాత శత్రువు మైక్రోసాఫ్ట్ దగ్గర 15 కోట్ల డాలర్ల పెట్టుబడి కూడా తీసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ఐమాక్, ఐపాడ్, ఐఫోన్ కథ మీకు తెలిసిందే.

అంటే దార్శనికుడు వెళ్లిపోతే కంపెనీ పోగొట్టుకునేది ఆలోచనల్ని కాదని నాకనిపిస్తుంది. ఆలోచనలు ప్రతి గదిలోనూ దొరుకుతాయి. పోయేది ‘వద్దు’ అనే హక్కు. పెట్టినవాడు వద్దంటే అందరూ తలొంచుతారు. జీతానికొచ్చిన మేనేజరు వద్దంటే, “నీకెందుకు నచ్చలేదో లెక్కలతో నిరూపించు” అంటారు. లెక్కలతో వద్దని నిరూపించడం చాలా కష్టం. అందుకే అన్నిటికీ సరేనంటారు. పెర్ఫార్మాలు పుట్టేది అలాగే.

రెండోసారి వెళ్లడం 2011లో. ఈసారి గొడవ లేదు, జబ్బు. ఆగస్టు 24న రాజీనామా చేశాడు, అక్టోబర్ 5న కన్నుమూశాడు. అంతకు ముందురోజే ఐఫోన్ 4ఎస్‌ని ప్రకటించారు. ఇక యాపిల్ పని అయిపోయిందని పత్రికలు రాశాయి. నేనూ మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో అదే వాదించాను.

కానీ ఈసారి పగ్గాలు పట్టింది బయటినుంచి వచ్చినవాడు కాదు. టిమ్ కుక్ 1998 నుంచీ లోపలే ఉన్నాడు. గోడౌన్లలో మూలుగుతున్న సరుకుని తగ్గించి, విడిభాగాలు ఎక్కణ్నుంచి ఎప్పుడు రావాలో కట్టుదిట్టం చేసిన మనిషి. జాబ్స్‌లా స్టేజీ మీద మాయ చేయలేడు. గొంతు పెంచడు. వెళ్లేముందు జాబ్స్ తనకో మాట చెప్పాడని కుక్ తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నాడు. వాల్ట్ డిస్నీ పోయాక డిస్నీలో అందరూ వాల్ట్ అయితే ఏం చేసేవాడో అని ఆలోచిస్తూ కూర్చుని కదల్లేకపోయారట. నా గురించి అలా అడక్కు, నీకు ఏది సరైనదనిపిస్తే అది చెయ్యి అన్నది ఆ మాట సారాంశం.

ఇది చదివినప్పుడు నాకు కాసేపు ఏమీ తోచలేదు. మా సార్ మాకిది చెప్పి వెళ్లలేదు. చెప్పినా మేం వినేవాళ్లమా అంటే, అదీ అనుమానమే.

కుక్ విన్నాడు. జాబ్స్ స్టైలస్‌ని వెక్కిరించాడు. 2015లో యాపిల్ పెన్సిల్ వచ్చింది. పెద్ద ఫోన్లు ఎవరూ కొనరని జాబ్స్ అన్నాడు. 2014లో పెద్ద ఐఫోన్ 6 వచ్చి విరగబడి అమ్ముడైంది. జాబ్స్ వాటాదారులకి డివిడెండ్ ఇవ్వలేదు. కుక్ 2012లో మొదలుపెట్టాడు. వాచీ, ఇయర్‌పాడ్లు, సొంత ఎం1 చిప్ అన్నీ జాబ్స్ తర్వాత వచ్చినవే. కంపెనీ విలువ 2018 ఆగస్టులో లక్ష కోట్ల డాలర్లు దాటింది. జాబ్స్ దిగిపోయిన రోజుల్లో అది దాదాపు 35 వేల కోట్ల డాలర్లు. వాట్సాప్ గ్రూపులో నా వాదన అలా మట్టిగొట్టుకుపోయింది.

మరి ఏమీ పోలేదా? పోయింది. 2012లో గూగుల్ మ్యాప్స్‌ని తీసేసి సొంత మ్యాప్స్ పెట్టారు. ఊళ్లు తప్పు, వంతెనలు వంకర. జనం నవ్వారు. కుక్ స్వయంగా క్షమాపణ లేఖ రాసి, మా మ్యాప్స్ బాగయ్యేదాకా పోటీదారులవి వాడుకోండి అన్నాడు. ఆ గొడవకి మన హైదరాబాద్‌తో ఓ లంకె ఉంది. ఆ మ్యాప్స్‌ని మెరుగుపరిచే పని కోసం 2016 మే నెలలో కుక్ ఇక్కడికొచ్చి ఆఫీసు ప్రారంభించాడు. 2017లో ఎయిర్‌పవర్ అనే ఛార్జింగ్ మ్యాట్ చూపించి, 2019లో చేతకాదని రద్దు చేశారు. ఏళ్ల తరబడి రహస్యంగా చేసిన కారు 2024లో ఆగిపోయింది. ‘సిరి’తో మాట్లాడే ఫోన్‌ని 2011లోనే తెచ్చినవాళ్లు, 2025 మార్చిలో కొత్త సిరి ఆలస్యమవుతుందని ఒప్పుకోవాల్సి వచ్చింది.

జాబ్స్ ఉంటే ఇవి జరిగేవి కావంటారు అభిమానులు. నేనొప్పుకోను. జి4 క్యూబ్, మొబైల్‌మీ ఆయన హయాంలోనివే. ఐఫోన్ 4ని ఓ పక్కన పట్టుకుంటే సిగ్నల్ పడిపోతోందన్న రగడా ఆయన ముందే జరిగింది. తప్పులు అప్పుడూ ఉన్నాయి. తేడా ఏంటంటే, ఆయన హయాంలో తప్పుకి ఒక ముఖం ఉండేది. ఇప్పుడు కమిటీలుంటాయి. ఇంకో తేడా, ఆదాయంలో సగం ఇప్పటికీ ఆయన వదిలి వెళ్లిన ఐఫోన్ నుంచే వస్తోంది. సఫారీలో తమ సెర్చిని ముందుంచినందుకు గూగుల్ 2022లో యాపిల్‌కి దాదాపు 2 వేల కోట్ల డాలర్లు ఇచ్చిందని అమెరికా కోర్టు పత్రాల్లో బయటపడింది. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడం అంటే ఇదే. కాకపోతే వీళ్లు అమ్ముతూనే చెట్టుకి నీళ్లు కూడా పోశారు. అది చిన్న పని కాదు.

మైక్రోసాఫ్ట్ సంగతీ చూడండి. 2000లో బిల్ గేట్స్ సీఈఓ కుర్చీ దిగి స్టీవ్ బామర్‌ని కూర్చోబెట్టాడు. బామర్ కాలంలో ఆదాయం మూడు రెట్లు దాటింది. కానీ ప్రతిదీ విండోస్ కిటికీలోంచే చూడాలన్న పట్టుదలలో మొబైల్ ఫోన్ల బస్సు తప్పిపోయింది. 2014లో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మన సత్య నాదెళ్ల వచ్చాడు. ఆయనా బయటివాడు కాదు, 22 ఏళ్లుగా లోపలే ఉన్నాడు. పదవిలోకొచ్చిన కొన్ని వారాలకే మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌ని యాపిల్ ఐప్యాడ్‌లో పెట్టేశారు. బామర్ కొన్న నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మరుసటేడాది నష్టం కింద రాసేశాడు. ఇంటి దేవుడు విండోస్‌ని పూజగదిలోంచి తీసి హాల్లో పెట్టాడన్నమాట. గేట్స్ మీద గౌరవం లేక కాదు. గౌరవం వేరు, అంటిపెట్టుకోవడం వేరు.

ఇక మా కంపెనీ సంగతి. సార్ వెళ్లిన రెండో ఏడాది, కొత్తగా చేరిన ఒకమ్మాయి మీటింగులో అంది. “షాపుల వాళ్లు రాత్రిపూట ఇంటిదగ్గర ఫోన్‌లో అమ్మకాలు చూసుకోవాలనుకుంటున్నారు సార్. నేను నాలుగు షాపుల్లో అడిగాను” అని. ఆమె మాట పూర్తవకముందే నేను అందుకున్నాను. “సార్‌కి అలాంటివి నచ్చేవి కావమ్మా. సార్ ఉంటే ఒప్పుకునేవారా?” అంతే, అందరూ తలలూపారు. ఆమె కూర్చుంది. ఆర్నెల్లకి వేరే కంపెనీకి వెళ్లిపోయింది. మరో ఏడాదికి మా కస్టమర్లు కూడా ఫోన్‌లో లెక్కలు చూపించే వేరే సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయారు. ఆ తర్వాత మా ఆఫీసు మీద టు-లెట్ బోర్డు వేలాడింది.

నాకిప్పుడు అర్థమవుతున్నది ఇది. సార్ మాకిచ్చింది ఆయన ఇష్టాయిష్టాల జాబితా కాదు. మెడికల్ షాపు కౌంటర్ వెనకాల ఒక రోజంతా నిలబడడం. మేం జాబితాని దాచుకుని, నిలబడడం మానేశాం. ఆ గదిలో షాపుకి వెళ్లి అడిగొచ్చింది ఆ అమ్మాయి ఒక్కతే. అంటే సార్ ఎవరిలోనైనా మిగిలి ఉన్నారంటే, ఆయన్ని ఒక్కసారైనా చూడని ఆ అమ్మాయిలోనే. ఆయన పేరు చెప్పి ఆమె నోరు మూయించింది నేను.

మీ ఆఫీసులో, మీ షాపులో, ఆ మాటకొస్తే మీ ఇంట్లో కూడా, పెద్దాయన వెళ్లిపోయిన కుర్చీ ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి ఎవరైనా “ఆయనుంటే ఏం చేసేవారు?” అంటే, తొందరపడి తలూపకండి. ఆ గదిలో మూల కూర్చున్న చిన్నవాళ్లెవరైనా చెయ్యెత్తబోయి దించేశారేమో, ఓసారి అటు చూడండి.