ఎండిన చెరువు ఖాళీ స్థలం కాదు

"ఈ చెరువు నిండంగా ఎప్పుడన్నా చూసినారా సార్?"

అనంతపురం చుట్టుపక్కల స్థలం అమ్మేవాడు కొనేవాడిని అడిగే మొదటి ప్రశ్న ఇదే. జవాబు అతనికి అక్కర్లేదు, ఎందుకంటే అడిగిన తీరులోనే ఉంది. ఇది కరువు జిల్లా. ఇక్కడ వాన పడదు, పడినా వంకలు పారవు, పారినా చెరువులో నీళ్లు నిలవవు. అలాంటప్పుడు చెరువు పక్కనేమిటి, చెరువులోనే ఇల్లు కట్టుకుంటే మాత్రం ఏమవుతుంది? ఈ మాట స్థలాల వ్యాపారం చేసేవాళ్లు మాత్రమే అంటుంటే ఈ వ్యాసం రాసే పని లేకపోయేది. యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్లు అంటున్నారు, బ్యాంకులో గృహరుణం మంజూరు చేసేవాళ్లు అంటున్నారు, ఊరి పెద్దమనుషులూ అంటున్నారు. ఎండిన చెరువంటే చచ్చిన చెరువనీ, అభివృద్ధికి అడ్డంగా పడి ఉన్న ఖాళీ భూమనీ ఈ గడ్డ మీద ఒక నమ్మకం పాతుకుపోయింది. ఆ నమ్మకం తప్పు. ప్రాణాలు తీయగలిగినంత తప్పు.

చెరువు ఒడ్డున కాపురం ఉండటాన్ని నేను తప్పు పట్టడం లేదు. నేనూ అలాంటి చోటే ఉంటున్నాను. అనంతపురం మూడు విశ్వవిద్యాలయాల ఊరు. 1946లో ఇంజనీరింగ్ కాలేజీగా పుట్టి 2008లో విశ్వవిద్యాలయమైన జేఎన్‌టీయూ ఒకటి, 1981లో ఏర్పడ్డ శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఒకటి, 2018లో మొదలై జంతలూరు దగ్గర సొంత క్యాంపస్ కట్టుకున్న కేంద్రీయ విశ్వవిద్యాలయం ఒకటి. ఈ చదువుల చుట్టూ ఊళ్లు పెరిగాయి. టౌనులో బాడుగలు భరించలేని కుటుంబాలు, రిటైరైన అయ్యవార్లు, గదుల కోసం తిరిగే పిల్లలు బుక్కరాయసముద్రం లాంటి ఊళ్లకు వస్తున్నారు. ఒకపక్క కొండమీదరాయుడి గుట్ట, ఇంకోపక్క చెరువు. నీళ్లున్న రోజుల్లో సాయంత్రం కట్ట మీద నిలబడితే టౌనులో ఎక్కడా దొరకని చల్లగాలి తగులుతుంది. ఆ గాలి కోసం ఎవరైనా ఇక్కడికి రావచ్చు, రావాలి కూడా. కట్టకు ఇవతల ఇల్లు కట్టుకున్నంతకాలం నాకు ఎవరితోనూ పేచీ లేదు. కట్టకు అవతల, నీళ్లు నిలిచే చోట, నీళ్లు వచ్చే వంకలో రాళ్లు పాతి ప్లాట్లు వేసి, దానికి 'లేక్ వ్యూ' అని పేరు పెట్టేవాళ్లతోనే పేచీ.

కరువు అనే మాటను మనం సరిగ్గా అర్థం చేసుకోలేదు. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అటే ఆపేస్తాయి, తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య రుతుపవనాలు అరకొరగా అందుతాయి. ఇంతవరకూ అందరికీ తెలుసు. కానీ ఆ 550 మిల్లీమీటర్లు నెలకింత చొప్పున పంచుకుని పడవు. జూన్‌లో నాలుగు చినుకులు రాలుతాయి, వాటిని నమ్మి శెనక్కాయ విత్తుతారు, ఆ తర్వాత నెల దాటినా ఆకాశంలో మబ్బు తునక కనబడదు. ఏ సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో ఒక్క రాత్రిలో పది సెంటీమీటర్లు కుమ్మరిస్తుంది. ఏడాది వానలో అయిదో వంతు తెల్లారేలోపు పడిపోతుంది. ఇదీ మన వాన స్వభావం.

లెక్క వేసి చూడండి. ఒక చదరపు కిలోమీటరు నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే అది కోటి లీటర్లు. వంద చదరపు కిలోమీటర్ల నుంచి నీళ్లు తెచ్చే వంక ఉందనుకుందాం. దాని మీద పది సెంటీమీటర్లు పడితే వెయ్యి కోట్ల లీటర్లు. చెట్టూ చేమా లేని గుట్టలు, గట్టిపడ్డ ఎర్రనేలలు ఆ రాత్రికి తాగగలిగినంత తాగి మిగతాది వదిలేస్తాయి. మూడో వంతు కిందికి దిగినా మూడొందల కోట్ల లీటర్ల పైమాటే. ఆ నీళ్లు పదేళ్లు రాకపోయి ఉండవచ్చు. వచ్చేటప్పుడు మాత్రం పాత దారినే వస్తాయి. ఆ దారిలో మీ ఇంటికి ప్లాను అప్రూవల్ ఉందో లేదో చూసుకుని రావు.

ఇదేమీ ఊహ కాదు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలను ముంచింది. వీధుల్లో పడవలు తిరిగాయి. ఏళ్ల తరబడి దాన్ని మురుగు కాలువగా చూసి, ఇరుకు చేసి, రెండు పక్కలా గోడలు లేపినవాళ్లం మనమే. తర్వాత రెండేళ్లకే, 2024 అక్టోబరులో ఎగువన కనగానపల్లి చెరువు తెగింది, పండమేరు వంక ఉప్పొంగింది, శివారు కాలనీలు రాత్రికి రాత్రి నీళ్లలో మునిగాయి. తిండిగింజలు, పిల్లల పుస్తకాలు, ఆధార్ కార్డులు, పెట్టెలో దాచుకున్న బట్టలు అన్నీ పోయాయి. దేశంలోకెల్లా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటని మనం చెప్పుకునే చోట రెండేళ్ల తేడాతో ఇది రెండుసార్లు జరిగింది. అయినా ఆ వరదలు తగ్గిన నెలకే మళ్లీ అదే ప్రశ్న: ఈ చెరువు నిండంగా ఎప్పుడన్నా చూసినారా సార్?

పండమేరు కొత్తగా పుట్టిన వంక కాదు. 14వ శతాబ్దంలో బుక్కరాయల కాలంలో ఆయన మంత్రి చిక్కప్ప ఒడయరు దీనికి అడ్డకట్ట వేసే బుక్కరాయసముద్రం చెరువు కట్టించాడని చరిత్ర చెబుతుంది. ఆ కాలపు మనుషులు ఇక్కడి వానను మనకన్నా బాగా చదివారు. పక్కనున్న కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి, ఆ పని వివరాలన్నీ రాతి మీద చెక్కించాడు. రెండేళ్లపాటు రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని అందులో ఉంది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా ఉన్నాయి. జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలి, నేల గట్టిగా ఉండాలి, కట్ట రాతితో బిగువుగా ఉండాలి, గర్భం లోతుగా విశాలంగా ఉండాలి అని అంగాల్లో చెప్పారు. దోషాల్లో ఒకటి నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది: చెరువు నడుమ మెరక ఉండటం. ఆరున్నర శతాబ్దాల కింద దోషమని రాతి మీద చెక్కిన పనిని ఇవాళ మనం టిప్పర్లతో మట్టి తోలి, డబ్బులు పెట్టి మరీ చేసుకుంటున్నాం. దానికి లేఅవుట్ అని పేరు.

బుక్కరాయసముద్రం కట్టకు ముసలమ్మ కథ ఉంది. కట్ట తెగబోతుంటే గండికి తన ప్రాణం ఇచ్చిన కోడలు ఆమె. కట్టమంచి రామలింగారెడ్డి ఇరవయ్యేళ్ల ప్రాయంలో 'ముసలమ్మ మరణము' కావ్యం రాసింది ఈ కథ మీదే. ఒక ఆడమనిషిని నీళ్లకు బలి ఇవ్వడాన్ని నేను గొప్ప చెయ్యను, చెయ్యలేను. ఆ కథలో నాకు కనబడేది కట్ట గురించి ఊరు పడ్డ భయం. ఈ కరువు సీమలో జనం చెరువు నిండుతుందని, తెగేంత నిండుతుందని నమ్మారు. ఆ భయంతోనే చెరువు సంరక్షణకు దశబంధం ఇనాం భూములు ఇచ్చారు, నీళ్లు పంచడానికి నీరుగంటిని పెట్టారు, ఏటా పూడిక తీశారు, తూము చూశారు, ఎక్కువైన నీళ్లు పోయే మరువ బాగుచేశారు. ఇవాళ ముసలమ్మకు కొబ్బరికాయ కొట్టే చేత్తోనే మరువ కాలువలో ప్రహరీ గోడకు ముగ్గు పోస్తున్నాం.

ఇంకో వాదన చదువుకున్నవాళ్ల నోట ఎక్కువ వినిపిస్తుంది. హంద్రీ-నీవా కాలువ వచ్చింది, కృష్ణా నీళ్లు జీడిపల్లి జలాశయానికి చేరాయి, తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) ఎటూ ఉంది, ఇక వాన నీటి చెరువులతో పనేమిటి అంటారు. కాలువ నీళ్ల విలువ నాకు తెలుసు. అవి లేకపోతే ఈ టౌను గొంతు తడవదు, మా చెరువులోకి కూడా కాలువ నీళ్లే వస్తుంటాయి. కానీ ఆ నీళ్లు ఎక్కడివి? శ్రీశైలం వెనక జలాల నుంచి మెట్టుమెట్టుకూ పంపులు పెట్టి ఎత్తిపోసినవి. కృష్ణకు వరద రావాలి, కరెంటు ఉండాలి, పంపులు ఆడాలి, ఎగువ రాష్ట్రాలతో పంచాయితీ తెగాలి. తుంగభద్ర సంగతి ఇంకా కష్టం. కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టిన జలాశయం పూడికతో 105 దగ్గరికి దిగింది. 2024 ఆగస్టులో గొలుసు తెగి 19వ నంబరు గేటు కొట్టుకుపోతే మూడు రాష్ట్రాల రైతులు రోజుల తరబడి బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. కాలువ వచ్చింది కదా అని చెరువును అమ్ముకునేవాడికి రేపు ఆ కాలువ నీళ్లు నిలబెట్టుకునే చోటు కూడా మిగలదు. హంద్రీ-నీవా నీళ్లతో చెరువులు నింపుతామని ప్రతి ప్రభుత్వమూ చెబుతోంది. చెరువే లేకపోతే నింపేది దేన్ని?

అసలు ఎండిన చెరువు పని మానేసిందని ఎవరు చెప్పారు? ఏప్రిల్ నెలలో ఒకసారి చెరువులోకి దిగి చూడండి. ఒండ్రు అరచేయంత పలకలుగా పగిలి, అంచులు పైకి లేచి ఉంటుంది. తూము రాతి మీద పాత నీటి గుర్తులు ఒకదాని కింద ఒకటి తెల్లటి చారలుగా కనిపిస్తాయి, పై చార మనిషి నెత్తి కన్నా ఎత్తులో ఉంటుంది. గొర్రెలు గర్భం మధ్యన పచ్చిక మిగిలిన చోటికి చేరతాయి. రైతులు ట్రాక్టర్లలో ఒండ్రు తోలుకుని చేన్లకు వేసుకుంటారు; ఎర్రనేలకు అంతకు మించిన ఎరువు లేదు, ఆ తోలకంతోనే చెరువు లోతు కూడా పెరుగుతుంది. నీళ్లు లేనప్పుడే చెయ్యగలిగే పని ఇది.

కంటికి కనబడని పని ఇంకా పెద్దది. మన కింద ఉన్నది గట్టి బండ. ఇసుకనేలల్లోలా నీళ్లు ఎంతంటే అంత ఊరవు. పై పొరలోని శిథిలమైన రాయిలో, బండ పగుళ్లలో పట్టినంతే నీళ్లు. అందుకే వెయ్యి అడుగులు తవ్వినా దుమ్ము లేచే బోర్లు మన జిల్లాలో ప్రతి ఊళ్లో ఉన్నాయి, ఆ అప్పుల కింద నలిగిన కుటుంబాలూ ఉన్నాయి. ఆ పగుళ్లకు నీళ్లు అందించేది చెరువు. నిండినప్పుడు రెండు మూడు నెలలు నిలిచినా చాలు, ఆయకట్టు బావుల్లో నీళ్లు లేస్తాయి. ఎండకు ఆవిరై పోతుంది కదా, చెరువు దండగ అనేవాళ్లు ఈ లెక్క మరిచిపోతున్నారు. ఆవిరి కాగా మిగిలింది బండలోకి దిగి, వచ్చే వేసవిలో అదే విమర్శకుడి ఇంట్లో కొళాయి నుంచి వస్తుంది. చెరువు గర్భంలో ఇళ్లు కట్టి, అక్కడే బోరు వేసి, నీళ్లు పడలేదని గోలపెట్టే కాలనీలను నేను చూస్తూనే ఉన్నాను. గాదె ఖాళీ అయిందని ఏ రైతూ దాన్ని పడగొట్టడు. పంట రాని ఏడు కూడా అలికి ఉంచుతాడు.

పేదలకు స్థలాలెక్కడ అన్న ప్రశ్నను మాత్రం నేను పక్కన పెట్టను, అది నిజమైన ప్రశ్న. ఎకరం కోట్లు పలికే చోట పేదవాడికి దొరికేది వంక పక్క జాగానే. కానీ చూడండి, మెరక భూములు ఎవరికి దక్కాయి? పల్లం ఎవరికి మిగిలింది? 2024లో పండమేరు ముంచింది ఎక్కువగా పేదల ఇళ్లనే. మునిగే చోట పట్టా చేతికిచ్చి ఇల్లిచ్చామని చెప్పడం పేదవాడికి చేసే మేలు కాదు. అనంతపురంలో కొరత లేనిది ఏదైనా ఉంటే అది మెరక నేలే. గుట్టల పక్కన, మెట్ట భూముల్లో స్థలాలు ఇవ్వవచ్చు, రోడ్డు వెయ్యవచ్చు, నీళ్ల పైపు తీసుకెళ్లవచ్చు. ఖర్చు ఎక్కువని అధికారులు అంటారు. వరదకోసారి ఇచ్చే నష్టపరిహారం, పడవలు, శిబిరాలు, పోయిన ప్రాణాలు ఆ ఖర్చులో ఎవరూ కలపడం లేదు.

చట్టం ఎటు ఉందో ఇప్పటికే తేలింది. 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఈ వాదనే వచ్చింది: కుంటలో కొంత భాగం మెరక తేలింది కాబట్టి ఇళ్ల స్థలాలుగా ఇవ్వడం తప్పు కాదని. కోర్టు ఒప్పుకోలేదు. చెరువులూ కుంటలూ సమాజం మొత్తానికీ చెందిన వనరులని, వాటిని కాపాడటం మనిషి జీవించే హక్కులో భాగమని చెప్పి ఆ కేటాయింపులను రద్దు చేసింది. మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. కొరత చట్టాలది కాదు. ఎండిన చెరువును చూసిన తహసీల్దారుకూ సర్వేయరుకూ కూడా అది ఖాళీ స్థలంలాగే కనబడటం దగ్గరే వస్తోంది చిక్కంతా.

యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లను ఒకటి అడుగుతున్నాను. మీ దగ్గర సివిల్ ఇంజనీరింగ్ ఉంది, భూగర్భశాస్త్రం ఉంది, భూగోళశాస్త్రం ఉంది. ఉపగ్రహ చిత్రాలు చదవగలిగిన పిల్లలున్నారు. మీ క్యాంపస్ చుట్టూ ఉన్న ప్రతి చెరువుకూ నిండు మట్టం ఎక్కడో, దానికి నీళ్లు తెచ్చే వంకలు ఏ సర్వే నంబర్ల మీదుగా పోతాయో గీసి, పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించడానికి ఒక సెమిస్టరు చాలు. స్థలం కొనేవాళ్లను కూడా అడుగుతున్నాను. అడ్వాన్సు ఇచ్చే ముందు సచివాలయానికి వెళ్లి ఎఫ్ఎంబీ, ఆర్ఎస్ఆర్ అనే భూరికార్డులు చూపించమనండి. ఆ సర్వే నంబరు చెరువు పోరంబోకా, వంక పోరంబోకా, రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందా చూడండి. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయనుకోండి, అప్పుడు కూడా ఆ ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటిన ముసలాయన ఒకరిని వెంటబెట్టుకుని స్థలం దగ్గరికి వెళ్లి, "తాతా, నీళ్లు ఎంతవరకు వచ్చినాయి?" అని అడగండి. ఆయన చెయ్యెత్తి చూపించిన చోటికి పైన కొనుక్కోండి.