ఫిర్యాదు వినేముందే పేర్లు అడగాలి

ఖరగ్‌పూర్‌లో రైల్వేతో ముడిపడని తగాదా తక్కువ. క్వార్టర్ ఖాళీ చేయమన్న నోటీసు, కుటుంబ పింఛను మీద గొడవ, కారుణ్య నియామకం, అన్నిటికీ ఒక కొస రైల్వే కార్యాలయంలోనే ఉంటుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడ పాతుకుపోయిన తెలుగు కుటుంబాలదీ ఇదే పరిస్థితి. ఈ ఊళ్లోనే ఐఐటీ 2006లో న్యాయ విద్యాలయం తెరిచింది.

ఇలాంటి ఊళ్లో ఉచిత న్యాయ సలహా కేంద్రంలో కూర్చునే న్యాయ విద్యార్థికి నియమాలు కావాలి. ఒక పక్షానికి సలహా ఇచ్చిన న్యాయవాది అదే వ్యవహారంలో ఎదుటి పక్షానికి పనిచేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధన స్పష్టంగా చెబుతోంది. విద్యార్థి ఇంకా న్యాయవాది కాడు. భారతీయ సాక్ష్య అధినియమంలోని 132వ సెక్షన్ న్యాయవాదులతోపాటు దుబాసీలను, గుమాస్తాలను, న్యాయవాది ఉద్యోగులను గోప్యతకు కట్టుబడేలా చేసింది. విద్యార్థి పేరెత్తలేదు.

పింఛను కోసం వచ్చిన వితంతువు తన ఇంటి గుట్టంతా చెప్పుకుంటుంది. మర్నాడు అదే పింఛనుకు పోటీపడే బంధువు అదే బల్ల దగ్గరికొస్తే? విద్యార్థి తండ్రి ఆ ఫైలు చూసే అధికారే అయితే? వేసవిలో ఆ విద్యార్థే రైల్వే తరఫు వకీలు దగ్గర శిక్షణకు వెళ్తే?

అందుకే, కథ వినకముందే ఇరుపక్షాల పేర్లడిగి, అంతకుముందు వచ్చినవారి పేర్లున్న కేంద్రం రిజిస్టరుతో సరిచూడాలి. బంధుత్వం, గత శిక్షణ వివరాలు విద్యార్థి రాతపూర్వకంగా ఇవ్వాలి. తెలుగు నుంచి బెంగాలీలోకి మాట చేరవేయడానికి పొరుగింటివారిని పిలవడం మానాలి. అడ్డంకి తేలితే ఆ మనిషిని ఉత్త చేతులతో పంపకుండా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చేర్చే బాధ్యత పర్యవేక్షించే అధ్యాపకుడిదే కావాలి.