నుయ్యి ఎవర్నీ మింగదు

ఈమధ్య నేను చదువుతున్న తెలుగు హారర్ కథల్లో సగం ఒకే చోట జరుగుతున్నాయి. పాడుబడ్డ బంగళా, దాని కింద సొరంగం, సొరంగం చివర గుహ, గుహలో తరతరాలుగా వెలుగు చూడనిది ఏదో. దానికి కళ్లుండవు. ఒళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. చప్పుడుని బట్టి వేటాడుతుంది. 2005లో వచ్చిన ‘ద డిసెంట్’ చూసినవాళ్లకి దాని పుట్టిల్లు ఏదో ఇట్టే తెలిసిపోతుంది. ఆ సినిమా అంటే నాకు చచ్చేంత ఇష్టం. జీవులు కనపడక ముందు, ఇరుకు సందులో ఆ అమ్మాయి ఇరుక్కుపోయే సీను దగ్గర ఇప్పటికీ నాకు ఊపిరాడదు. కానీ అపలేచియన్ కొండల్లో పుట్టినదాన్ని, కాళ్ల మట్టి కూడా దులపకుండా తెచ్చి గోదావరి గట్టున దింపేస్తుంటే చూస్తూ ఊరుకోవడం కష్టంగా ఉంది.

డెల్టాలో గుహ ఎక్కడిదండీ? నది తెచ్చి పోసిన ఒండ్రు మీద కూర్చున్న ఊళ్లు ఇవి. వానాకాలంలో గునపంతో నాలుగు పోట్లు పొడిస్తే గుంటలో నీళ్లు. బెలూం వెళ్లండి, బొర్రా వెళ్లండి, అక్కడ సున్నపురాయి ఉంది, అందులో ఎవర్ని కూర్చోబెట్టుకుంటారో కూర్చోబెట్టుకోండి. అమలాపురం కింద మాత్రం కుదరదు. మీ జీవి మునిగి చస్తుంది.

సరే, ఇది చిన్న తప్పే. నవ్వుకుని వదిలేయొచ్చు. నేను చేసిన తప్పు ఇంతకంటే పెద్దది కాబట్టి ముందు అది చెప్పుకోవాలి.

మా అమ్మమ్మగారి ఊరు కపిలేశ్వరపురం. గౌతమి గట్టున ఉంటుంది. ఇంటి పెరట్లో నుయ్యి ఉండేది, ఇప్పుడు దానిమీద సిమెంటు పలక వేసేశారు. చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్తే ఆ నూతి దగ్గరికి మమ్మల్ని పోనిచ్చేవారు కాదు. ‘దాన్లో ఒకటుందిరా, మనిషిని లాగేసింది’ అనేది అమ్మమ్మ. పూర్తి కథ రాత్రి డాబా మీద చెప్పేది. పూడిక తియ్యడానికి దిగినవాణ్ణి అది కాళ్లు పట్టుకుని లాగేసిందట. అరవనైనా అరవలేదట. అతని కోసం దిగిన రెండోవాణ్ణి కూడా సగం దాకా లాగిందిగానీ, నడుముకి మోకు కట్టి ఉండబట్టి వదిలేసిందట. మేం ఒకళ్ల దుప్పట్లోకి ఒకళ్లం దూరిపోయేవాళ్లం.

మూడేళ్ల కిందట దాన్ని కథగా రాశాను. నా జీవికి కళ్లున్నాయి, అది నా గొప్ప. నూతి అడుగు ఇసకలో ఉంటుంది, నదికంటే పాతది, పూడిక తీసినప్పుడల్లా దానికి నిద్రాభంగం. చదివినవాళ్లు మెచ్చుకున్నారు. ‘మన మట్టిలోంచి పుట్టిన హారర్’ అన్నారు ఒకరు. వారం రోజులు ఆ మాట మీదే బతికాను. ఆ కథని మా కజిన్ ఎవరో అమ్మకి పంపారు. అమ్మ ఫోన్ చేసింది. ‘కథ బానే ఉందిగానీ, ఆవేళ లాంతరు దించలేదురా’ అంది.

పాత నూతుల్లో, ఆకులూ చెత్తా కుళ్లిన పూడిక మీద గాలి చచ్చిపోయి ఉంటుంది. అందుకే మనిషి దిగేముందు వెలిగించిన లాంతరుని తాడు కట్టి దించుతారు. అది ఆరిపోతే ఎవరూ దిగరు. నీళ్లు తోడి మళ్లీ లోపలికే కుమ్మరిస్తూ గాలి ఆడేదాకా ఆగుతారు. ఇది సైన్సు పుస్తకం చదివినవాళ్లకే తెలిసే సంగతి కాదు, ఊళ్లో అందరికీ తెలుసు. దిగినతనికీ తెలుసు. ‘ఒక్కసారి దీపం దింపుదామండి’ అని అడిగాడట కూడా. ఇంట్లో మూడు రోజుల్లో పెళ్లి. ‘ఏం కాదు, దిగు’ అన్నారు మా తాతయ్య. అమ్మకి అప్పుడు పదకొండేళ్లు, పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. అతను పేట నుంచి వచ్చినవాడు. ఆ నూతి చేద అతను ముట్టుకోకూడదు. నూతిలోకి మాత్రం దిగొచ్చు.

పెద్దమనుషులు కూర్చుని ఎంతో కొంత ఇప్పించారు. ఆ నెలలోనే నూతిలోకి దెయ్యం వచ్చి చేరింది. దాన్ని ఎవరు తెచ్చారని అడిగితే అమ్మ, ‘ఎవరూ తేలేదురా, అందరూ అనడం మొదలుపెట్టారంతే’ అంది. అమ్మమ్మ అబద్ధం చెప్పిందని అనను. నలభై ఏళ్లు చెప్పి చెప్పి ఆమె నమ్మేసి ఉంటుంది. కానీ ఆ దెయ్యం చేసిన పని ఏమిటి? మా తాతయ్యని కాపాడింది. నా కథ చేసిన పని కూడా అదే. కాస్త మంచి వచనంలో చేసింది.

అప్పట్నుంచీ పేపర్లో క్రియాపదాలు చూడటం అలవాటైపోయింది. ‘బాలుణ్ణి మింగేసిన బోరుబావి.’ ‘ఇద్దరిని బలిగొన్న మ్యాన్‌హోల్.’ ‘కాటేసిన విషవాయువు.’ గొట్టానికి నోరొస్తుంది, గుంతకి ఆకలేస్తుంది, గ్యాసుకి కోరలొస్తాయి. మూత వెయ్యనివాడు వాక్యంలో ఎక్కడా ఉండడు. వదిలేసిన బోరుబావులకి ఏం చెయ్యాలో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది: పైన మూత బిగించాలి, లోపల అడుగు నుంచి పైదాకా పూడ్చాలి. ప్రాణాపాయకరమైన పద్ధతిలో మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దించకూడదని 2013లో చట్టమే వచ్చింది. 1993 నుంచి అలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షలివ్వమని 2014లో, ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చెయ్యమని 2023లో సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది. అంటే ఈమధ్యలో దించుతూనే ఉన్నారన్నమాట. దించినవాడికి పేరుంటుంది, ఫోన్ నంబరుంటుంది, కాంట్రాక్టు కాగితం ఉంటుంది. అయినా హెడ్డింగులో కర్త మాత్రం మ్యాన్‌హోలే. ఇది జర్నలిజమా, హారర్ కథా?

ఈ మాటలే ఒక స్నేహితుడితో అన్నాను. తనూ హారర్ రాస్తాడు, నాకంటే బాగా రాస్తాడు. ‘అన్నిట్లోనూ రాజకీయాలు వెతక్కు బాబూ. చీకటంటే భయం మనం కోతులుగా ఉన్నప్పటిది. భయానికి కులం, వర్గం ఉండవు’ అన్నాడు.

భయానికి ఉండకపోవచ్చు. కథకి ఉంటాయి. మన భూగర్భ కథల్లో ముందు చచ్చేది ఎవరో చూడండి. వాచ్‌మన్. బోరు వేసేవాడు. దారి చూపించడానికి వచ్చిన గూడెం మనిషి. జీవి ఎంత బలమైందో మనకి చూపించడానికి రెండో పేజీలో చచ్చిపోతాడు, చాలాసార్లు పేరు కూడా లేకుండా. ఆ తర్వాతే హైదరాబాద్ నుంచి తాతల బంగళా అమ్మడానికొచ్చిన మనవడు టార్చి పట్టుకుని దిగుతాడు. మనం భయపడాల్సింది ఆ మనవడి కోసం. వాచ్‌మన్ చావు మనకి సౌండ్ ఎఫెక్ట్. భయానికి వర్గం లేకపోతే ఈ వరస ప్రతిసారీ ఇలాగే ఎందుకుంటుంది?

పైగా, మనం ఎవర్ని చూసి ఈ జీవుల్ని తెచ్చుకున్నామో వాళ్లు ఇంత అమాయకంగా రాయలేదు. హెచ్.జి. వెల్స్ ‘ద టైమ్ మెషిన్’ 1895 నాటిది. అందులో భూమి కింద బతికే మార్లాకులు రాత్రిళ్లు పైకొచ్చి పైవాళ్లని పట్టుకుపోయి తింటారు. తెల్లటి ఒళ్లు, వెలుగు పడని కళ్లు, మన గుహ జీవులకి ముత్తాతలు. వాళ్లెవరు? ఫ్యాక్టరీ కార్మికుల వారసులు. పైన తోటలుంచుకుని యంత్రాల్నీ మనుషుల్నీ కిందికి తోసేసిన సమాజం లక్షల ఏళ్లకి ఇలా తేలిందని కథ చెప్పే ఆయన అనుమానం. మనం ఆ తెల్ల చర్మం తెచ్చుకున్నాం, అనుమానాన్ని కస్టమ్స్ దగ్గర వదిలేశాం.

లవ్‌క్రాఫ్ట్ సంగతి ఇంకా విచిత్రం. ఆయన జాతి దురహంకారం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అలాంటి మనిషి 1924లో అచ్చయిన ‘ద ర్యాట్స్ ఇన్ ద వాల్స్’లో ఏం రాశాడు? పూర్వీకుల కోట బాగుచేయించుకున్న వారసుడు గోడల్లో ఎలకల చప్పుడు విని, దాని వెంట కిందికి, ఇంకా కిందికి దిగుతాడు. అక్కడ వేరే లోకపు రాక్షసి ఏదీ ఉండదు. తన వంశం వాళ్లు తరాల తరబడి మనుషుల్ని పశువుల్లా దొడ్లలో పెంచి తిన్న ఆనవాళ్లుంటాయి. నేను చదివిన భూగర్భ కథల్లో నిజంగా నిద్ర పట్టనివ్వనిది అదే. వారసుడు కిందికి దిగి చూసేది తన ఇంటి లెక్కల పుస్తకం కాబట్టి.

అంతదూరం ఎందుకు? కపిలేశ్వరపురంలో హరికథ నేర్పే పాఠశాల ఉంది, శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల. ఆడపిల్లలు చిడతలు పట్టుకుని సాధన చేస్తుంటారు. ఆ ఊళ్లోనే చిన్నప్పుడు ఒక రాత్రి గుడి దగ్గర మైరావణుడి కథ విన్నాను. వాల్మీకిలో లేని కథ. పాతాళాన్నేలే మైరావణుడు రామలక్ష్మణుల్ని ఎత్తుకుపోతే హనుమంతుడు వెతుక్కుంటూ కిందికి వెళ్తాడు. ద్వారం దగ్గర మత్స్యవల్లభుడు అడ్డుపడతాడు. ఎంత కొట్టినా లొంగడు. ఎవడ్రా నువ్వని అడిగితే హనుమంతుడి కొడుకునంటాడు. పాతాళం గుమ్మంలో రాక్షసిలా నిలబడ్డవాడు సొంత కొడుకు! నిద్రకి తూలుతున్న పిల్లలం అందరం ఆ మాటకి లేచి కూర్చున్నాం. అది భయమో ఏమిటో అప్పుడు తెలీదుగానీ, ఇప్పటికీ పోలేదు.

మన పాతాళం మొదట్నుంచీ భయంకరమైన చోటేం కాదు. విష్ణుపురాణంలో నారదుడు పాతాళాలు చూసొచ్చి స్వర్గం కంటే అవే బావున్నాయంటాడు. సుతలంలో ఉన్న బలిచక్రవర్తి అక్కడే పుట్టినవాడు కాదు, మూడడుగుల లెక్కలో పంపేస్తే వెళ్లినవాడు. ‘పాతాళభైరవి’ (1951) అందరూ చూసే ఉంటారు. నేపాళ మాంత్రికుడికి శక్తులు కావాలి, అందుకు భైరవి ముందు ఒక సాహసవంతుణ్ణి బలివ్వాలి. ఎవరు దొరికారు? తోటమాలి కొడుకు. ఎస్వీ రంగారావు గొంతు మీద అంత ప్రేమ పెంచుకున్నాంగానీ, గుహలోకి తీసుకెళ్లేది ఎవర్ని, ఎవరి పని కోసం అన్న చిన్న వివరం మీద ఆగిన హారర్ రచయిత ఎవరూ నాకు తారసపడలేదు. ఆ సినిమాలో తోటమాలి కొడుకే గెలుస్తాడు. మన కథల్లో రెండో పేజీ దాటడు.

డెల్టా కింద భయం లేదని నేననట్లేదు. నది దాటి సముద్రం వైపు వెళ్తే పాశర్లపూడి. 1995 జనవరి 8న అక్కడ ఓఎన్‌జీసీ తవ్వుతున్న 19వ నంబరు బావి అదుపుతప్పి అంటుకుంది. 65 రోజులు మండింది. కొబ్బరితోటల మధ్య నేలలోంచి అరుపు, నిప్పు, రాత్రిళ్లు చీకటి పడకపోవడం. బడి మొహం చూడని ముసలమ్మలు కూడా ‘బ్లోఅవుట్’ అనే మాటని ‘గాలివాన’ అన్నంత మామూలుగా అంటారు. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరంలో గ్యాసు పైపులైను పేలి ఇరవైమందికి పైగా పోయారు. ఆ గొట్టం ఊరి మధ్యలోంచి, ఇళ్ల పక్కనుంచి వెళ్తుంది.

రష్యా వాళ్లు కోలాలో 12,262 మీటర్లు తవ్వితే, ఆ బోరులోకి మైకు దించితే నరకంలో జనం కేకలు వినపడ్డాయని పుకారు పుట్టింది. ఆ ఆడియో ఇప్పటికీ యూట్యూబ్‌లో తిరుగుతోంది, మనవాళ్లు దానిమీద ఎపిసోడ్లు చేస్తున్నారు. ఒక పాత హారర్ సినిమాలోంచి ఎత్తి వండిన శబ్దం అది. దొంగ బోరు కేకలకి చెవులు రిక్కిస్తాం. సొంత జిల్లాలో రెండు నెలలు కేకపెట్టిన బావి మనకి జనరల్ నాలెడ్జ్ బిట్టు.

మొన్న మొన్న, 2025 ఫిబ్రవరి 22న, నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల ఉండిపోయారు. ఒక్కరూ ప్రాణాలతో రాలేదు. వెతకడానికి పిలిపించినవాళ్లలో ‘ర్యాట్ హోల్ మైనర్లు’ ఉన్నారు. లవ్‌క్రాఫ్ట్ ఎలకల్ని ఊహించుకున్నాడు, మనం మనుషులకే ఆ పేరు పెట్టుకున్నాం.

జీవులు వద్దని చెప్పట్లేదు. రాయండి. నాకూ కావాలి, మంచి రాక్షసి దొరికితే అన్నం మానేసి చదువుతాను. ‘తుంబాడ్’లో హస్తర్ ఉన్నాడు కదా, గోతిలోకి తాడు పట్టుకుని దిగేది వాడా ఇంటి వారసుడే. వాడి ఆశే వాణ్ణి దింపుతుంది, కూలివాణ్ణి ముందు పంపి చూడటం ఉండదు. ఆ ఒక్క మార్పుకే సినిమా అంతా ఇంకోలా ఊపిరి పీలుస్తుంది. నా కథలోనూ జీవిని తీసెయ్యక్కర్లేదు. అది లాగడానికి ముందు నూతి గట్టు మీద జరిగిన పది నిమిషాల్ని నేను తీసేశాను. అసలు కథంతా ఆ పది నిమిషాల్లో ఉంది. ఒకడు దీపం అడగడం, ఇంకొకాయన గడియారం చూసుకోవడం, పదకొండేళ్ల పిల్ల గుమ్మంలో నిలబడటం.

ఆ ఫోన్లోనే అడిగాను, ‘అతని పేరేంటమ్మా?’ అని. చాలాసేపు ఆలోచించింది. పెళ్లికి వచ్చిన చుట్టాలందరి పేర్లూ చెప్పింది, వంటాయన పేరు చెప్పింది, సన్నాయి మేళం ఏ ఊరినుంచి వచ్చిందో చెప్పింది. ‘నుయ్యి తీసే అతను అనేవాళ్లంరా’ అంది. తర్వాత రెండు రోజులకి మళ్లీ తనే ఫోన్ చేసింది. ఊళ్లో ఎవరెవర్నో అడిగి, పేట దాకా కబురు పంపించి, పేరు కనుక్కుంది. కొడుకు ఉన్నాడట, మండపేటలో ఆటో నడుపుతాడట. కథ మళ్లీ రాస్తున్నాను. పూర్తయ్యాక ఇక్కడికి పంపేముందు అతనికి చదివి వినిపించాలి. వింటానంటాడో లేదో తెలీదు.