కలివికోడి ఎవరి చుట్టం?

కడప జిల్లా లంకమల ముళ్ళపొదల్లో రాత్రిపూట తిరిగే కలివికోడి నేలమీదే పరుగెడుతుంది. ఊళ్ళో వాళ్ళు కోళ్ళలో కలిపింది అందుకేనేమో. శాస్త్రవేత్తలు మాత్రం దాన్ని తీతువులు, గల్ పక్షులు ఉండే క్రమంలో చేర్చారు. నీటి ఒడ్డు పక్షులకు చుట్టమై ఉండి ఈ ఎండిన నేలను నమ్ముకుంది! 1848లో జంతుశాస్త్రవేత్త బ్లైత్ దీనికి శాస్త్రీయనామం పెట్టాడు. 1900 తర్వాత జాడలేక అంతరించిందనుకున్నారు. 1986లో స్థానికుల సాయంతోనే మళ్ళీ దొరికింది. రొమ్ముకు అడ్డంగా ఉన్న రెండు గోధుమరంగు పట్టీలే దాని గుర్తు.

ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్ళపాడు గడ్డిమైదానాల బట్టమేకపిట్టదీ ఇలాంటి కథే. దాన్ని చాలాకాలం సారస పక్షుల క్రమంలో ఉంచారు. డీఎన్ఏ పరిశీలించాక బట్టమేకలకు విడిగా ఒక క్రమం ఇచ్చారు.

వర్గం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అని పిల్లలచేత బట్టీ పట్టించే వరస వెనక ఇంత వెతుకులాట ఉంది. రూపం ఒకటి చెబుతుంది, పుట్టుక ఇంకొకటి చెబుతుంది. పుట్టుకనే నమ్మాలన్నది నేటి శాస్త్రం మాట, నాకూ అదే సబబనిపిస్తుంది. జంతు వర్గీకరణ మీద తెచ్చిన ఈ సంచికను సీమ పిట్టలతోనే మొదలుపెట్టాం. మీ ఊరి చేలల్లో తిరిగే ఏదో ఒక ప్రాణి ఏ క్రమంలోకి వస్తుందో వెతికి, మాకు రాయండి.